రెండు మగ్గాలున్న ఇంటికి ఎంతమంది ఫాలోవర్లు కావాలి?

పడుగుపేక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో, పోచంపల్లికి దగ్గరలో ఉన్న ఒక ఊరు. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. ఒకదానిమీద మామయ్య, రెండోదానిమీద మా ఆయన నేస్తారు. కండెలు చుట్టడం, ఆసు పోయడం (నూలును మేకుల చుట్టూ తిప్పి వరసగా అమర్చడం) అత్తమ్మ చూసుకుంటారు, చిటికి కట్టే పని, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టడం నాది. చాలాకాలం సావుకారి దగ్గర నూలు తెచ్చుకుని కూలికి నేసినవాళ్లమే అయినా, రెండేళ్లుగా పట్టు సొంతంగా కొని, మా నమూనాలు మేమే గీసుకుని నేస్తున్నాం. చీర కట్టుకునేవారికే నేరుగా అమ్మాలన్న ఉద్దేశంతో 2023లో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తెరిచాను.

మొదట్లో పూర్తయిన చీరను దండెం మీద వేసి ఫొటో తీసి పెట్టేదాన్ని. అప్పట్లో ఫాలోవర్లు 300 మంది కూడా లేరు. నిరుడు బతుకమ్మ పండుగకు ముందు ఒక చిలకాకుపచ్చ చీరకు అందరూ వాడుతున్న సినిమా పాటను జతచేసి రీల్ పెడితే, ఏ కారణం చేతనో అది ఆరు లక్షల సార్లు కనబడింది, పది రోజుల్లో ఫాలోవర్లు 11,000 దాటారు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఆ నెలలో అమ్ముడైన చీరలు రెండే, అందులో ఒకటి మా పిన్ని కూతురు కొన్నది.

ఇప్పుడు ఏ ఫొటో పెట్టినా నలభై లైకులకు మించి రావడం లేదు. "ధర ఎంత" అని అడిగి, చెప్పగానే మాయమయ్యేవారే ఎక్కువ. రోజుకొక రీల్ పెట్టాలని తెలిసినవారు చెబుతున్నారు, కానీ ఒక రీల్‌కు పూట గడిచిపోతుంది, ఆ పూట చిటికి ఆగితే వెనక మగ్గం కూడా ఆగుతుంది. పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) సిద్ధం కావడానికి పదిహేను రోజులు, ఆ పడుగు మీద ఏడు చీరలు, ఒక్కో చీరకు దాదాపు ఐదు రోజులు, ఇదీ మా లెక్క. మధ్యలో ఒక ఏజెన్సీవారు ఫోన్ చేసి, కొంత డబ్బిస్తే నెలలో యాభై వేల మంది ఫాలోవర్లను తెచ్చిపెడతామని, ఒక ఇన్‌ఫ్లుయెన్సర్‌కు చీర ఉచితంగా ఇస్తే ఇంకా త్వరగా పెరుగుతామని అన్నారు. అందుకు ఒప్పుకోవడమా, రోజూ రీల్ పెట్టడమా, లేక పేజీ మూసేసి మళ్లీ దుకాణాలకే వేసుకోవడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మాటలు తెలుగులో ఉండాలా, ఇంగ్లిషులో ఉండాలా అన్నది కూడా చెప్పగలరు.

చిల్లరలెక్క

నమస్కారం అమ్మా. నేను హైదరాబాదులో చిన్న వ్యాపారాలవారికి ప్రచారం పనులు చేసిపెడుతుంటాను. మీరిచ్చిన లెక్కతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ విషయంలో చాలామంది ముందు చేయవలసిన లెక్కను చివర చేస్తారు. పడుగుకు పదిహేను రోజులు, నేతకు ముప్పై ఐదు రోజులు, అంటే యాభై రోజులకు ఒక మగ్గం మీద ఏడు చీరలు. రెండు మగ్గాలకు కలిపి ఏడాదికి సుమారు వంద చీరలు వస్తాయి. పండుగలు, పెళ్లిళ్లు, వానాకాలంలో రంగులు ఆరని రోజులు తీసేస్తే ఇంకా తక్కువే. మీకిప్పుడున్న పదకొండు వేల మందీ తలా ఒక చీర అడిగారనుకోండి, మీ మనవల మనవలు కూడా నేస్తూనే ఉండాలి. కాబట్టి యాభై వేల మందిని తెచ్చిపెడతామన్న ఏజెన్సీ మీకు లేని జబ్బుకు మందు అమ్ముతోంది.

మీకు కావలసింది ఏడాదికి వంద ఇళ్లు. మీ పనిని శ్రద్ధగా గమనించేవారిలో ఐదుగురికి ఒకరు ఏడాదిలో ఒక చీర కొంటారనుకున్నా, ఐదు వందల మంది సరిపోతారు. ఆ ఐదు వందల మంది మీ పేరు చూడగానే ఆగాలి, చీర మగ్గం దిగేదాకా ఎదురుచూడాలి, కొన్నాక చెల్లెలికో స్నేహితురాలికో చెప్పాలి. పదకొండు వేలలో వారు ఇప్పటికే ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. నా అనుమానం, ఆ రీల్‌తో వచ్చినవారిలో ఎక్కువమంది పాట కోసం వచ్చినవారు. పాట అయిపోయింది, వారి పని కూడా అయిపోయింది.

కొన్న ఫాలోవర్ల వల్ల లాభం లేకపోవడం ఒక్కటే అయితే పోయిన డబ్బుతో సరిపెట్టుకోవచ్చు, కానీ వారివల్ల నష్టం కూడా ఉంది. మీరు పెట్టినది మొదట కొందరికి చూపి, వారు ఆగి చూశారా, దాచుకున్నారా, ఇతరులకు పంపారా అన్నది గమనించి, దాన్నిబట్టి మరికొందరికి చూపించాలా వద్దా అన్నది ఇన్‌స్టాగ్రామ్ నిర్ణయిస్తుంది. ఆ మొదటి కొందరిలో కదలిక లేని ఖాతాలు నిండితే మీ చీర అక్కడే ఆగిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి 2025 మొదట్లో చెప్పినదాని ప్రకారం ముఖ్యంగా చూసేవి మూడు: ఎంతసేపు చూశారు, ఎంతమంది ఇష్టపడ్డారు, ఎంతమంది మరొకరికి పంపారు. కొత్తవారిని చేరడానికి ఆ మూడోది బాగా పనిచేస్తుంది. అందువల్ల ఏదైనా పెట్టేముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న "ఇది బాగుందా" అన్నది కాదు, "దీన్ని ఎవరు ఎవరికి, ఏమని చెప్పి పంపుతారు" అన్నది.

ఉదాహరణకు, అసలైన ఇక్కత్‌కూ అచ్చువేసిన బట్టకూ తేడా ఎలా తెలుసుకోవాలో మీకంటే బాగా చెప్పగలవారు ఎవరున్నారు? నూలుకే ముందుగా రంగు పడుతుంది కనుక చీర రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది. బొమ్మ అంచులు గీత గీసినట్టు కాకుండా ఈక చివరలా కొద్దిగా చెదిరి ఉంటాయి. బొమ్మ ఉన్నచోట ఒక పోగు లాగి చూస్తే ఆ ఒక్క పోగు మీదే రంగులు ముక్కలు ముక్కలుగా మారుతూ కనిపిస్తాయి. అచ్చువేసిన బట్టలో వెనకవైపు వెలవెలబోతుంది, పోగు విప్పితే గుట్టు బయటపడుతుంది. ఇదంతా మీ చేతులు, మీ గొంతు, ఒక నిమిషం వీడియో. పెళ్లిచీరలు కొనబోయే ప్రతి ఇంట్లోనూ దీన్ని ఎవరో ఒకరు మరొకరికి పంపుతారు, పాట అవసరం ఉండదు.

రోజుకొక రీల్ అనే మాటను పక్కన పెట్టండి. పడుగునే మీ క్యాలెండరు చేసుకోండి. ఆ యాభై రోజుల్లో పట్టు రావడం, ఆసు పోయడం, కొలతలు గీయడం, రబ్బరు ముక్కలతో కట్టడం, రంగు ముంచడం, కట్లు విప్పడం, మగ్గానికి ఎక్కించడం, మొదటి చీర కోత, ఇలా ఎనిమిది ఘట్టాలు వాటంతటవే ఉన్నాయి. వారానికి ఒకటి చొప్పున పెట్టినా సరిపోతుంది. ఫోను స్టాండుకు తగిలించి, పని ఆపకుండా తీయండి. రంగు ఆరాక కట్లు విప్పేటప్పుడు కింద దాగిన తెలుపు బయటపడే ఆ క్షణం మీకు రోజూ చూసే పని, బయటివారికి గారడీ. ఏ పడుగు ఏ దశలో ఉందో తెలిసినవారు ఏడో చీర దాకా మీ వెంట వస్తారు.

భాష విషయంలో నా మాట, మీరు తెలుగులోనే మాట్లాడండి, వీడియో కింద అక్షరాల్లో ఇంగ్లిషు వేయండి. ఉచితంగా చీర ఇచ్చి ఇన్‌ఫ్లుయెన్సర్‌తో చెప్పించడం తప్పు కాదు కానీ, ఉచితంగా వచ్చిన వస్తువు గురించి చెప్పేటప్పుడు అది ప్రకటన అని తెలియజేయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు పెట్టింది. ఆ సంగతి తెలియనట్టు నటించేవారికి మీ ఐదు రోజుల కష్టం ఊరికే ఇవ్వకండి.

తెల్లఅంచు

నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. విజయవాడలో ఉపాధ్యాయురాలిని. చేనేత చీరల పేజీలు ఓ ఇరవై దాకా చూస్తుంటాను, ఏడాదికి రెండో మూడో కొంటాను. పైన రాసినవారి మాటలు చాలావరకు నిజమే కానీ, ధర అడిగి మాయమయ్యేవారి తరఫున ఒక మాట చెప్పాలి.

మేము మాయమయ్యేది ధర ఎక్కువని కాదు, ధరను దాచిపెట్టారని. "వివరాలకు మెసేజ్ చేయండి" అని రాసి ఉంటే, అడగగానే నా ఊరు, నా మాటతీరు చూసి ధర చెబుతారేమోనన్న అనుమానం వస్తుంది. పైగా బడిలో విరామం దొరికిన పది నిమిషాల్లో చూసేవాళ్లం, జవాబు కోసం సాయంత్రం దాకా ఆగితే మనసు మారిపోతుంది. ధర చీర పక్కనే రాయండి. దానికింద, ఆ ధరలో పట్టుకెంత, రంగుకెంత, ఎన్ని రోజుల పని అన్నది నాలుగు ముక్కల్లో రాయండి. ఐదు రోజుల నేతకు ముందు పదిహేను రోజుల పని ఉందని మీరు రాసింది చదివేదాకా నాకు తెలియదు, నేను ఇరవై ఏళ్లుగా పోచంపల్లి చీరలు కడుతున్నాను.

రెండేళ్ల క్రితం ఒక పేజీలో చేనేత అని చెప్పి అమ్మిన చీర ఇంటికి వచ్చాక చూస్తే అచ్చుబట్ట. అప్పటినుంచి వస్తువు కంటే మనిషిని ముందు చూస్తున్నాను. కింద ఎవరో అడిగిన ప్రశ్నకు ఎలా జవాబిచ్చారు, రంగు దిగుతుందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ కామెంటును తీసేశారా, నిలబడి సమాధానం చెప్పారా అన్నదే నాకు కొలత. పొగడ్తలకు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ప్రశ్నలకు మౌనంగా ఉండే పేజీలు చాలా ఉన్నాయి. మీరు రోజుకు ఒక అరగంట జవాబులకే కేటాయించగలిగితే అది రీల్ కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ఇంకొకటి. ఒక చేనేత ఇంటివారి పేజీలో ముసలావిడ ఆసు పోస్తున్న వీడియో రెండుసార్లు చూశాను. ఆమె చేయి మేకుల చుట్టూ తిరుగుతూ ఉంటే, వెనక ఇంట్లో ఎవరో కుక్కర్ మూత పెడుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు కోసమే ఆ పేజీని వదలలేదు. మీరూ అలాంటిది పెట్టవచ్చు, మీ అత్తగారు ఇష్టపడితేనే సుమా.

నాడె

ముగ్గురికీ నమస్కారం. మాది కూడా నేత కుటుంబమే, పుట్టపాక వైపు. నేను ముప్పై రెండేళ్లుగా మగ్గం మీద ఉన్నాను కనుక, చెప్పేటప్పుడు కాస్త ముక్కుసూటిగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

ఆసు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చేయి ఆడించాల్సిన పని అది. తల్లి భుజం నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, దానికి 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. చేత్తో పోయడం చూడడానికి అందంగా ఉంటుందని, ఇంట్లో యంత్రం పెట్టుకుని కూడా వీడియో కోసం అత్తగారిని మళ్లీ మేకుల ముందు కూర్చోబెట్టే ఇళ్లు నేను చూశాను. పడుగుపేక గారూ, మీ ఇంట్లో యంత్రం ఉంటే యంత్రమే చూపించండి. చేనేత అంటే నొప్పి పడడమే అని కొనేవారికి నేర్పితే, రేపు ఆ నొప్పి తగ్గించుకున్నందుకు మనమే సంజాయిషీ చెప్పుకోవాలి.

ధర పైకి రాయమన్న టీచరమ్మ గారి మాట కొనేవారికి న్యాయమే. నేసేవాడికి అంత తేలిక కాదు. మేము సగం చీరలు ఇప్పటికీ దుకాణాలకు వేస్తాం. పేజీలో ఒక ధర, దుకాణంలో ఒక ధర కనిపిస్తే ఆ దుకాణంవాడు మరునాడు ఫోన్ చేస్తాడు, మన సరుకు తీసుకోవడం ఆపేస్తాడు. దీనికి నేను చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, పేజీలో పెట్టే నమూనాలు దుకాణాలకు వేయను, వాటికి వేసేవి పేజీలో పెట్టను. అప్పుడు ధర ధైర్యంగా రాసుకోవచ్చు. మీరు కూడా దుకాణాల తలుపు పూర్తిగా మూయకుండా ఒక మగ్గం అటు, ఒక మగ్గం ఇటు ఉంచుకుంటే మంచిదని నా ఉద్దేశం, చిల్లరలెక్క గారి వంద అప్పుడు యాభై అవుతుంది, భయం కూడా సగమవుతుంది.

నమూనా దొంగతనం ఎవరూ మాట్లాడలేదు. నమూనా గీసుకున్న గీతల కాగితాన్ని, చీర మొత్తం కొంగుతో సహా చదునుగా పరిచిన ఫొటోను పెట్టకండి. వాటిని చూసి వారం తిరగకుండా అచ్చులోకి దించేవారున్నారు. పనిని దగ్గరగా, ముక్కలుగా చూపించండి, పూర్తి చీరను మనిషి కట్టుకున్నాక చూపించండి, మడతల్లో ఉన్నదాన్ని అచ్చుకు ఎక్కించడం కష్టం. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉన్న మాట నిజమే కానీ, ఫోనులో తిరిగే ఫొటో వెంట మనం పరిగెత్తలేము.

ఇక అన్నిటికంటే ముఖ్యం అనుకునేది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, మా బంధువుల అబ్బాయి ఒకడు దాంట్లో ఒకటిన్నర లక్షల మందిని పోగేసుకుని ఉన్నాడు. తెల్లారేసరికి ఒక్కరి పేరు కూడా వాడి చేతిలో లేదు. ఇన్‌స్టాగ్రామ్ మన చెరువు కాదు, నీళ్లున్నంత సేపు చేపలు పట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి. కొన్న ప్రతివారి ఫోను నంబరు, ఊరు, వారు ఇష్టపడిన రంగు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా (ఒకే సందేశం అందరికీ విడివిడిగా చేరేది) చేసుకోండి. ఒక జాబితాలో 256 మంది వరకే పడతారు, అది కూడా మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికి మాత్రమే చేరుతుంది. ఈ ఇబ్బందే నాకు మేలు చేసింది, నంబరు దాచుకోమని అడిగినప్పుడు ఎవరు దాచుకుంటారో వారే మనవాళ్లు. 2023 సెప్టెంబరులో మన దేశంలోకి వచ్చిన వాట్సాప్ చానళ్లలో ఎంతమందైనా చేరవచ్చు కానీ అక్కడ ఒక్కొక్కరితో మాట్లాడుకోవడం కుదరదు, ఎక్కువగా మనం చెప్పడమే ఉంటుంది.

పడుగుపేక

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాత్రి ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. నాడె గారి మాటకు మామయ్య తల ఊపారు, కుక్కర్ చప్పుడు దగ్గర అత్తమ్మ నవ్వారు. మా ఇంట్లో ఆసు యంత్రమే ఉంది, అదే చూపిస్తాం.

ఏజెన్సీవారికి వద్దని చెప్పాను. ఇప్పటిదాకా కొన్నవారి పేర్లు వెతికితే బంధువులను మినహాయించి ముప్పై ఏడుగురు తేలారు, అందులో తొమ్మిది మంది రెండోసారి కొన్నవారు. ఆ తొమ్మిది మందిలో ఒక్కరు కూడా చిలకాకుపచ్చ రీల్ చూసి రాలేదు, ఆరుగురు మరొకరు చెబితే వచ్చారు. ఈ లెక్క నేను ఎప్పుడూ వేసుకోలేదు. వారం రోజుల్లో కొత్త పడుగు పోస్తున్నాం. కొంగుకు మెంతిరంగా, వంకాయరంగా అని పేజీలో అడిగి, ఎక్కువమంది ఏది అంటే అది వేద్దామని ఆలోచన. ఇది సరైనదేనా?

నాడె

అడగండి, కానీ పేకకు (అడ్డు పోగులకు) రంగు ముంచకముందే అడగండి. ఒకసారి ముంచాక అడిగితే, వారు రెండోది కోరితే మీరు ఏం చేస్తారు? అడిగి పట్టించుకోకపోవడం కంటే అడగకపోవడం మేలు. అన్ని చీరలకూ కాకుండా ఏడులో రెండింటికి మాత్రమే వారి మాట అని ముందే రాయండి. వంకాయరంగు ఎండకు త్వరగా వెలిసిపోతుందని మా ఇంటి అనుభవం, మీ రంగులవారిని ఒకసారి కనుక్కోండి.

చిల్లరలెక్క

ఆ ముప్పై ఏడుగురికి పేజీలో పెట్టడానికి ఒక రోజు ముందే వాట్సాప్‌లో విడివిడిగా, పేరు పెట్టి అడగండి. బ్రాడ్‌కాస్ట్ అక్కర్లేదు, ముప్పై ఏడు సందేశాలు గంట పని. రెండోసారి కొన్న తొమ్మిది మందిని ఇంకొక ప్రశ్న కూడా అడగండి, మొదటి చీర ఎక్కడికి కట్టుకువెళ్లారని. పెళ్లికా, ఆఫీసుకా, గుడికా అన్నది తెలిస్తే తర్వాతి పడుగు రంగులు మీకు సగం తెలిసినట్టే.

తెల్లఅంచు

నా ఓటు మెంతిరంగుకు. ధర ఎంతో చెబితే నంబరు ఇప్పుడే దాచుకుంటాను.